స్టాఫ్‌కి క్రిస్మస్ పార్టీ: ఆఫీసు, గోడౌన్ కలిపి చేయాలి, సలహాలు కావాలి

సత్య_బెజవాడ | 25 నవంబర్ 2024, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు సరఫరా చేసే కంపెనీలో అడ్మిన్ చూస్తున్నాను. ఆఫీసులో 45 మంది, గోడౌన్‌లో 95 మంది, మొత్తం 140. ఈ ఏడాది క్రిస్మస్ పార్టీ బాధ్యత మా సార్ నాకు అప్పజెప్పారు. బడ్జెట్ లక్షా పాతిక వేలు. అంతకంటే రూపాయి కూడా ఎక్కువ రాదు.

పోయినేడు వేరే వాళ్లు చేశారు. హోటల్లో హాలు తీసుకుని ఆఫీసు వాళ్లనే పిలిచారు. గోడౌన్ వాళ్లకి మర్నాడు తలా ఒక కేకు ముక్క కవర్లో పెట్టి పంచారు. ఏడున్నరకి రమ్మన్నారు, మొదలయ్యేసరికి ఎనిమిదిన్నర దాటింది. డీజే మోత. భోజనాలు పదింటికి. ఇంటికి ఆటో దొరకదేమోనన్న టెన్షన్‌తో ఆడవాళ్లం ఏడుగురం తినకుండానే వెళ్లిపోయాం. బిల్లింగ్‌లో ఉండే ఒక పెద్దాయన క్రైస్తవులు. "మీ పండగే కదా" అంటూ ఆయనకే శాంటా డ్రెస్ తొడిగి డాన్స్ చేయించారు. ఆయన నవ్వుతూనే ఉన్నారు. మర్నాడు టీ దగ్గర నాతో, "పార్టీ అంతా అయిపోయింది గానీ ఒక్కరూ యేసయ్య పేరు ఎత్తలేదమ్మా" అన్నారు. ఏడాదిగా ఆ మాట నన్ను వదల్లేదు.

ఇప్పుడు అనుకుంటున్నది డిసెంబర్ 21 శనివారం సాయంత్రం, అదే హోటల్. ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. మార్చుకోవడానికి వీలుంది. మీ అనుభవాలు చెప్పండి.

మేరీ_గుంటూరు | 25 నవంబర్, రాత్రి 10:02

సత్యమ్మా, అడ్వాన్స్ ఇవ్వకపోవడం మంచిదైంది. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. మా దగ్గర ఏటా సెమీ క్రిస్మస్, అంటే పండగకి ముందే అందరం కలిసి చేసుకునే వేడుక, చేస్తాం. ముందు మీ దగ్గర పండగ చేసుకునే వాళ్లని కూర్చోబెట్టి అడగండి. అలంకరణ గురించి కాదు, ఏ రోజైతే వాళ్లకి వీలు, ఏం జరిగితే అది పండగలా అనిపిస్తుంది అని.

మా వైపు డిసెంబర్ ఒకటో తారీఖుకే ఇంటి మీద నక్షత్రం ఎక్కుతుంది. మూడో వారం వచ్చేసరికి యూత్ వాళ్లు రోజూ రాత్రి క్యారల్స్‌కి వీధివీధీ తిరుగుతారు. ఆడవాళ్లకి ఇంట్లో అరిసెలు, కజ్జికాయల పని. ఆ వారంలో సాయంత్రం ఏడింటికి హోటల్‌కి రమ్మంటే సగం మందికి అది శిక్షే.

మందు గురించి మీరు రాయలేదు. ఉంటే మాత్రం తీసేయండి. క్రిస్మస్ పేరు పెట్టి బల్ల మీద సీసాలు పెడితే మా ఇళ్లల్లో అది అవమానం కిందే లెక్క.

నూజివీడు_రాజు | 26 నవంబర్, ఉదయం 7:20

శనివారం అన్నారు కాబట్టి చెబుతున్నా. మేము సెవెంత్ డే అడ్వెంటిస్టులం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా మాకు విశ్రాంతి దినం. ఆ సమయంలో పార్టీలకి వెళ్లం. మాలో చాలామంది మాంసం తినరు, పంది మాంసమైతే అసలు ముట్టం. ఇంకో సంగతి. క్రిస్మస్‌ని పండగగా చేసుకోని సంఘాలు కూడా ఉన్నాయి, బ్రదరన్ వాళ్లలో, పెంతెకోస్తు వాళ్లలో కొందరు పాటించరు. "నువ్వు క్రిస్టియనే కదా, ముందుకు రా" అని ఎవర్నీ లాగకండి. ఎవరి విశ్వాసం ఎలాంటిదో మనకి తెలియదు.

స్వామిశరణం | 26 నవంబర్, ఉదయం 8:45

అక్కా, నేను ఇబ్రహీంపట్నంలో గోడౌన్ సూపర్‌వైజర్ని. ప్రస్తుతం మాలలో ఉన్నాను. మీ గోడౌన్‌లో కూడా నల్లబట్టల వాళ్లు నలుగురైదుగురు తక్కువ ఉండరు, ఒకసారి చూడండి. మధ్యాహ్నం ఒక్క పూటే భిక్ష, రాత్రికి అల్పాహారం. మాంసం వండిన చోట వండింది తినం, ఉల్లి వెల్లుల్లి తినం. మమ్మల్ని వదిలేస్తే బాధపడం గానీ, బలవంతంగా కేకు ముక్క నోటి దగ్గర పెడితే కాదనడానికి ఇబ్బంది పడతాం. పళ్లు, కొబ్బరినీళ్లు చాలు.

21 అన్నారు. ఈసారి భవానీ దీక్షల విరమణ ఇంద్రకీలాద్రి మీద 21 నుంచి 25 దాకా. ఆ రోజుల్లో వన్ టౌన్ వైపు బండి కదలదు. భవానీ మాలలో ఉన్నవాళ్లు మీ దగ్గర ఉంటే వాళ్లు సెలవులో ఉంటారు. ఆ తారీఖు వద్దే వద్దు.

రెహానా_హైదరాబాద్ | 26 నవంబర్, మధ్యాహ్నం 1:15

నేను హెచ్ఆర్‌లో ఉన్నాను. తేదీకి మేము ఏటా ఇదే లెక్క వేస్తాం, మీ దానికి వేసి చూశాను. ధనుర్మాసం డిసెంబర్ 16న వస్తుంది, అప్పట్నుంచి మాంసం మానేసే ఇళ్లు ఉన్నాయి, వాళ్లకి శాకాహారం ఎలాగూ ఉంటుంది. సోమ, మంగళ, శనివారాలు తినని వాళ్లు ఎక్కువ. 19 గురువారం మార్గశిర లక్ష్మివారం, ఆడవాళ్లు చాలామంది నోములో ఉంటారు. శుక్రవారం మాకు జుమ్మా నమాజు. ఆదివారం చర్చి. 23 వచ్చేసరికి ఊళ్లకి బయల్దేరిపోతారు. మిగిలింది 18 బుధవారం.

ఇంకొకటి, దయచేసి "మీ మతం ఏది" అని ఫారంలో అడగకండి. మూడు ప్రశ్నలు చాలు: ఏం తింటారు, ఏం తినరు, 24, 25, 26 తారీఖుల్లో ఏ రోజు సెలవు కావాలి. రాయడం రాని వాళ్లని పక్కన కూర్చుని అడిగి మీరే రాసుకోండి. చికెన్ హలాల్ చేసింది తెప్పించండి, మాంసం తినేవాళ్లు దాదాపు అందరూ తింటారు, రేటులో పెద్ద తేడా ఉండదు.

సీక్రెట్ శాంటా గురించి ఎవరైనా సలహా ఇస్తారేమో. చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వాళ్లకి రహస్యంగా కానుక కొనివ్వడం ఆఫీసులో బాగానే ఉంటుంది. 14 వేల జీతగాడికి మేనేజర్ పేరు వస్తే ఆ కుర్రాడు 500 అప్పు చేసి కొంటాడు. నేను కళ్లారా చూశాను. మా దగ్గర ఆపేశాం.

సత్య_బెజవాడ | 27 నవంబర్, రాత్రి 8:30

మీ మాటలన్నీ కాగితం మీద రాసుకుని పొద్దున సార్ దగ్గరికి వెళ్లాను. 18 బుధవారానికి ఒప్పుకున్నారు. హోటల్ వద్దనడానికి కారణం డబ్బే: ప్లేటు 900 చెప్పారు, 140 మందికి లక్షా ఇరవై ఆరు వేలు, అంటే బడ్జెట్ మొత్తం భోజనానికే సరిపోదు. మా గోడౌన్ ముందు లారీలు తిరిగే జాగా ఉంది, అక్కడ షామియానా వేద్దాం అన్నాను. సరే అన్నారు. సాయంత్రం 5 నుంచి 7:30 అనుకుంటున్నాం.

మేనేజర్లకి విడిగా మందు ఉండాలన్న మాట ఇంకా తేలలేదు.

ఎల్బీనగర్_రామ్ | 27 నవంబర్, రాత్రి 9:05

నా అభిప్రాయం కొంచెం వేరు. మా కంపెనీలో ఏటా చేస్తాం, ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఒక రోజు ఈవెంట్ పర్మిట్ తీసుకుని పద్ధతిగా చేస్తాం, ఎప్పుడూ గొడవ కాలేదు. డీజే, డ్రింక్స్ లేకపోతే పాతికేళ్ల కుర్రాళ్లు పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోతారు. ఏడాదంతా టార్గెట్లతో చచ్చిన పిల్లలు. వాళ్లకి కూడా ఒక సాయంత్రం కావాలి కదా.

మేరీ_గుంటూరు | 27 నవంబర్, రాత్రి 9:40

రామ్ బాబూ, వాళ్లకి సాయంత్రం ఉండాలనే నేనూ అంటాను. దానికి డిసెంబర్ 31 ఉంది, కంపెనీ వార్షికోత్సవం ఉంటుంది. దాన్ని క్రిస్మస్ అనొద్దంటున్నాను, అంతే. పైగా మేనేజర్లకి మాత్రం విడిగా అంటే గోడౌన్ వాళ్లకి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? ఒకే షామియానా కింద రెండు రకాల మర్యాద కనపడితే అన్నం ఎంత బాగున్నా రుచించదు.

ఎల్బీనగర్_రామ్ | 27 నవంబర్, రాత్రి 9:52

ఆ చివరి మాట నిజమే మేరీ గారూ. విడిగా పెట్టడం నాకూ నచ్చదు. పెడితే అందరికీ, లేకపోతే ఎవరికీ వద్దు. సత్య గారూ, సార్‌కి ఇలాగే చెప్పి చూడండి.

కొత్తపేట_ముఠా | 28 నవంబర్, ఉదయం 6:10

అమ్మా, నాది ముఠా పని, మార్కెట్లో మూటలు దించుతాం. నేను చదివింది తక్కువ, మా అబ్బాయి టైప్ చేస్తున్నాడు. రెండు మాటలు చెప్తా.

సాయంత్రం 5 అంటే లోడింగ్ టైము. పార్సిల్ లారీలు రాత్రికి బయల్దేరాలి, నాలుగింటికే ఎక్కించడం మొదలవుతుంది. అప్పుడు పార్టీ పెడితే మీ గోడౌన్ వాళ్లు వంతులవారీగా వచ్చి చెమటతో నిలబడి తిని పోతారు. పన్నెండు నుంచి రెండున్నర దాకా గోడౌన్ ఖాళీగా ఉంటుంది. పగలు పెట్టండి. ఆడవాళ్లకి ఆటోల బెంగ కూడా ఉండదు.

రెండోది, మీరు 140 అన్నారు. అందులో ముఠా వాళ్లు ఉన్నారా? సెక్యూరిటీ వాళ్లు, ఊడ్చే ఆవిడ? వాళ్లు మీ రిజిస్టర్‌లో ఉండరు. కానీ రోజూ అక్కడే ఉంటారు. మా దగ్గర ఒకచోట పండగ చేస్తే మేము గేటు పక్కన కూర్చుని పాటలు విన్నాం. బిర్యానీ వాసన వచ్చింది. ఎవరూ రమ్మనలేదు, మేమూ అడగలేదు.

సత్య_బెజవాడ | 28 నవంబర్, రాత్రి 9:15

అన్నా, మీ మాట చదివి పొద్దున్నే లెక్క పెట్టాను. ముఠా వాళ్లు 16, సెక్యూరిటీ 4, ఊడ్చేవాళ్లు ఇద్దరు. 22 మంది నా లెక్కలో లేరు. నేను రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే వాచ్‌మన్ కూడా అందులో ఉన్నాడు. చాలా సిగ్గనిపించింది. ఇప్పుడు 162. టైము పన్నెండుకి మార్చాను. మందు మాట సార్ తనంతట తనే వదిలేశారు, పగలు పనిలో మందేంటి అని.

ఇక వంట సంగతి చెప్పండి ఎవరైనా.

వంటశాల_భీమవరం | 29 నవంబర్, ఉదయం 10:30

క్యాటరింగ్ చేస్తాను కాబట్టి వివరంగా రాస్తున్నా. ముందు ఫారాలు రానివ్వండి, తర్వాతే ఆర్డరు. కిలో బియ్యం బిర్యానీ ఆఫీసు వాళ్లయితే పదిమందికి వస్తుంది, మూటలు మోసేవాళ్లయితే ఏడుగురికే. ఈ తేడా చూడకుండా తలకి ఇంత అని లెక్క వేస్తారు, చివర్లో వచ్చేది వాళ్లే కాబట్టి వాళ్లకే అడుగంటుతుంది. మీకు మాంసాహారులు 115 దాకా ఉంటే 14 కిలోల బియ్యం, 18 కిలోల చికెన్ చెప్పండి.

ఐటమ్స్ పెంచకండి. పదిహేను రకాల బోర్డు రాసి ఏదీ వేడిగా లేకపోవడం కంటే బిర్యానీ, ఒక వేపుడు, శాకాహారులకి వెజ్ బిర్యానీ, తెల్లన్నం, పప్పు, గుత్తివంకాయ, పెరుగు, ఒక స్వీటు చాలు. వెజ్ కౌంటర్ షామియానాకి ఆ చివర పెట్టించండి. గరిటెలు మారకుండా అక్కడ విడిగా ఒక మనిషిని నిలబెట్టమని ముందే చెప్పండి. ఇది మాట్లాడుకోకపోతే వడ్డించే కుర్రాడు ఒకే గరిటెతో అటూ ఇటూ తిరిగేస్తాడు. దమ్ము తీశాక గంటలోపు వడ్డన మొదలవ్వాలి. స్పీచ్‌లు అన్నం ముందు ఎంతసేపో ఖాయం చేసుకుని నాకు చెప్పే టైముకి దమ్ము పెట్టిస్తాను అనే వాణ్ణే పట్టుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్ చూపించమని అడగడం మొహమాటం కాదు.

కేకు: 162 మందికి 12 కిలోలు. మనిషికి 70 గ్రాముల పైనే వస్తుంది. అందులో 4 కిలోలు గుడ్డు లేనిది. ప్లమ్ కేకు అయితే బేకరీ వాళ్లని ఒక మాట అడగండి, ఎండుపళ్లు రమ్ములో నానబెట్టారా, ద్రాక్షరసంలోనా అని. రసంలో నానబెట్టింది కావాలంటే మొదటి వారంలోనే చెప్పాలి. చివర్లో అడిగితే ఉన్నదే ఇస్తారు.

లెక్కలబాబు | 29 నవంబర్, రాత్రి 8:00

అకౌంట్స్ వైపు నుంచి కొంచెం. క్యాటరింగ్ బిల్లు మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది, స్టాఫ్ భోజనాల మీద కట్టిన ఆ పన్ను మీకు క్రెడిట్ రాదు, అంటే కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోలేరు. పంచే కానుకల కొనుగోలు మీద కూడా అంతే. కాబట్టి పన్నుతో కలిపిన మొత్తాన్నే ఖర్చుగా రాసుకోండి.

కానుక వస్తువు రూపంలో ఇవ్వండి. ఈ 2024-25 లెక్కల్లో ఉద్యోగికి ఏడాదికి మొత్తం 5,000 రూపాయల లోపు వస్తువులకి వాళ్ల జీతం మీద పన్ను పడదు. దసరాకో దీపావళికో ఇచ్చింది కూడా అందులో కలుస్తుంది. డబ్బు కవర్లో పెట్టి ఇస్తే ఎంత చిన్న మొత్తమైనా జీతంతో సమానం.

మీ లెక్క ఇలా వేశాను. భోజనం ప్లేటు 320 చొప్పున 162 మందికి 51,840, పన్ను 2,592. కేకు కిలో 650 అనుకుంటే 7,800. కానుక 300 చొప్పున 48,600. షామియానా, కుర్చీలు 5,000. అలంకరణ 5,000. మైకు 3,500. మొత్తం 1,24,332. మీకు 668 మిగులుతుంది. అంటే ఒక్క ఐటమ్ పెరిగినా ఇంకోటి తగ్గాల్సిందే.

కొత్తపేట_ముఠా | 29 నవంబర్, రాత్రి 8:40

కానుక ఏదిస్తారో గానీ అమ్మా, కప్పులు, ఫోటో ఫ్రేములు వద్దు. చలికాలం. దుప్పటి అయితే ఇంట్లో ఎవరో ఒకరు కప్పుకుంటారు. సార్‌కి, మాకు ఒకటే దుప్పటి అయితే మరీ మంచిది.

మెదక్_వాసి | 30 నవంబర్, ఉదయం 11:20

అందరూ పార్టీ గురించే మాట్లాడుతున్నారు, సెలవు గురించి రెహానా గారు ఒక్కరే అడిగారు. మాకు కేకు కంటే అదే ముఖ్యం. 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున ఆరాధన. తెలంగాణలో 26 కూడా సాధారణ సెలవే, ఆంధ్రలో అలా కాదు, ప్రైవేటులో అయితే రెండు చోట్లా యజమాని దయే.

ఈ ఏడాది మాకు మరీ ప్రత్యేకం. మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న. ఈ క్రిస్మస్‌కి నిండా వందేళ్లు. కరువు కాలంలో మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని, పని చేసిన వాళ్లకి తిండి అని కట్టించారు, పదేళ్లు పట్టింది. మా ముత్తాత అక్కడ రాళ్లు మోశాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ గోపురం కింద ఆ రోజు నిలబడాలని మా ఇంట్లో అందరికీ ఆశ. నాకు 24న సెలవు దొరుకుతుందో లేదో ఇంకా తెలియదు. హైదరాబాద్‌లో మా ఆఫీసులో పార్టీకి మాత్రం పెద్ద బెలూన్ల ఆర్చి కడుతున్నారు.

సత్య గారూ, మీ చేతిలో ఉంటే మీ వాళ్లకి 24 మధ్యాహ్నం నుంచి ఇప్పించండి. సంక్రాంతికి, రంజాన్‌కి వాళ్లు మిగతా వాళ్ల పని చూస్తారు. కాగితం మీద పెడితే ఎవరికీ కష్టం కాదు.

లీడ్స్_శ్రీను | 1 డిసెంబర్, రాత్రి 11:50

ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడ ప్రతి ఆఫీసులో డిసెంబర్ పార్టీ ఉంటుంది. మనిషికి ఏడాదికి 150 పౌన్ల లోపు ఖర్చయితే ఉద్యోగి మీద పన్ను ఉండదు, కానీ స్టాఫ్ అందరినీ పిలిచే కార్యక్రమం అయి ఉండాలి. పై వాళ్లకే పెట్టుకుంటే ఆ మినహాయింపు వర్తించదు. పైన ముఠా అన్న రాసింది చదివితే అదే గుర్తొచ్చింది. ఇక్కడ నాకు నచ్చేది ఇంకొకటి, రానివాణ్ణి ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. మీరూ అటెండెన్స్ తీయకండి.

సత్య_బెజవాడ | 7 డిసెంబర్, రాత్రి 9:30

ఫారాలు వచ్చాయి. శాకాహారులు 38, మాలల్లో ఉన్నవాళ్లు 9 (ఏడుగురు అయ్యప్ప స్వాములు, ఇద్దరు భవానీలు). 24న సెలవు అడిగినవాళ్లు 31. నేను పది, పన్నెండు అనుకున్నాను. ఇన్నేళ్లుగా అడిగే వీలు లేకే అడగలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

బిల్లింగ్ పెద్దాయనతో కూర్చున్నాను. ప్రార్థన పెట్టాలా, పాస్టర్ గారిని పిలవాలా అని అడిగాను. ఆయన రేపు చెబుతానన్నారు. మీరేమంటారు?

మేరీ_గుంటూరు | 7 డిసెంబర్, రాత్రి 10:05

మా కోల్డ్ స్టోరేజీలో పాస్టర్ గారిని పిలుస్తాం, పావుగంట వాక్యం చెబుతారు. ప్రార్థన లేకుండా కేకు కోయడం నా మనసుకి ఒప్పదు. పుట్టినరోజుకి పిలిచి పుట్టిన బిడ్డని చూడకుండా పోయినట్టు ఉంటుంది.

రెహానా_హైదరాబాద్ | 7 డిసెంబర్, రాత్రి 10:25

మేరీ అక్కా, మీ మాట అర్థమైంది. కానీ పనిచేసే చోట అందర్నీ కూర్చోబెట్టి వాక్యం వినిపిస్తే వేరే నమ్మకం వాళ్లు లేచి వెళ్లలేరు, కూర్చోనూ లేరు. ప్రార్థన ఉండాలి, చిన్నది, వాళ్లలో ఒకరు చేసేది. ఇష్టమైన వాళ్లు నిలబడతారు, మిగతా వాళ్లు ఊరికే కూర్చుంటారు. రంజాన్‌కి మా ఆఫీసులో ఇఫ్తార్ ఇలాగే చేస్తాం. నేను దువా చేసుకుంటాను, పక్కన నా స్నేహితురాలు ఖర్జూరాలు సర్దుతుంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

మేరీ_గుంటూరు | 7 డిసెంబర్, రాత్రి 10:40

అలా అయితే బాగానే ఉంటుంది తల్లీ. అయినా చివరి మాట వాళ్లదే కానివ్వండి.

స్వామిశరణం | 8 డిసెంబర్, ఉదయం 7:00

అక్కా, ఒక జాగ్రత్త. గోడౌన్‌లో ఆయిల్ డబ్బాలు, టైర్లు, అట్టపెట్టెలు ఉంటాయి. కొవ్వొత్తులు వద్దు. సీరియల్ లైట్లన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి గుచ్చొద్దు. పోయినేడు మా గోడౌన్‌లో ప్లగ్గు కరిగిపోయింది, భోజనాల టైము కాబట్టి మనిషి ఉండి చూశాడు. షామియానాలో పెట్టుకోండి, ఎలక్ట్రీషియన్‌ని ఆ రెండు గంటలూ ఉండమనండి. ఫైర్ సిలిండర్ ముందు కుర్చీలు వేయనివ్వద్దు.

సత్య_బెజవాడ | 10 డిసెంబర్, రాత్రి 8:15

పెద్దాయన చెప్పింది ఇది. పాస్టర్ గారు వద్దు. లూకా సువార్త రెండో అధ్యాయంలో గొర్రెల కాపరుల భాగం ఒకరు చదువుతారు, రెండు నిమిషాల ప్రార్థన, మూడు క్యారల్స్. శాంటా వేషం వద్దు. "మా ఇంట్లో నక్షత్రం వెదురు బద్దలతో మేమే కడతాం, అది కట్టి తెస్తాను" అన్నారు. అలంకరణ ఐదు వేలలో 1,200 ఆయనకి సామాను కోసం ఇచ్చాను. ప్రోగ్రాం: 12:00 పాటలు, 12:20 చదవడం, ప్రార్థన, 12:30 కేకు, సార్ ఐదు నిమిషాలు, 12:45 భోజనం. ఐదు నిమిషాలని సార్‌కే రాసిచ్చాను.

స్వాములకి విడిగా బుట్టలో పళ్లు, కొబ్బరిబోండాలు, మా వంటవాళ్ల చేయి తగలకుండా నేనే తెస్తాను. వాళ్లు పాటలకి ఉండి భిక్ష టైముకి వెళ్లిపోతారు.

సెక్యూరిటీ వాళ్లు గేటు వదలలేరు కదా. ఆఫీసు కుర్రాళ్లు నలుగురు అరగంట చొప్పున గేటు చూస్తామని పేర్లిచ్చారు. అడగకుండానే.

సత్య_బెజవాడ | 18 డిసెంబర్, రాత్రి 9:45

అయిపోయింది. కాళ్లు లాగేస్తున్నాయి గానీ ఇప్పుడే రాయాలనిపించింది.

పెద్దాయన నక్షత్రం పొద్దున ఎనిమిదింటికి స్కూటర్ మీద తెచ్చారు, వెనక ఆయన కొడుకు దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మూడడుగులు ఉంటుంది. ఎర్ర కాగితం, తెల్ల కుచ్చులు, లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు. ఒక మూల కాగితం గాలికి చిరిగింది. మా ముఠాలో ఒకాయన ప్యాకింగ్ టేపు తెచ్చి లోపలి వైపు నుంచి, బయటికి కనపడకుండా అతికించాడు. దాన్ని గోడౌన్ గేటు మీద కట్టారు.

సువార్త చదివింది స్టోర్స్‌లో పనిచేసే ఒకమ్మాయి. నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంది, గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. మైకులో ఆమె గొంతు విని చాలామంది తలెత్తి చూశారు. ప్రార్థనకి సగం మంది నిలబడ్డారు, సగం మంది కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ చూడలేదు.

తప్పులు కూడా చెప్పాలి. కేకు పావుగంట ఆలస్యంగా వచ్చింది. పాటలు ఇంకో రెండు పాడించాం, సరిపోయింది. వెజ్ కౌంటర్ దగ్గర పెట్టిన మనిషి మధ్యలో ఎటో వెళ్లిపోయాడు, మా రిసెప్షన్ అమ్మాయి గరిటె పట్టుకుని చివరిదాకా నిలబడింది. బిర్యానీ సరిగ్గా సరిపోయింది, భీమవరం అన్నగారి లెక్కే నిలిచింది. దుప్పట్లకి కట్టిన పేర్ల చీటీల్లో రెండు పేర్లు తప్పు పడ్డాయి, ఒకటి వాచ్‌మన్‌ది. ఆయన చూసి ఏమీ అనలేదు. నేనే చూసి, పెన్నుతో దిద్దకుండా పైకి వెళ్లి కొత్త చీటీ ప్రింట్ తీసి కట్టాను. ఆయన పాత చీటీ కూడా జేబులో పెట్టుకున్నాడు.

సార్ తొమ్మిది నిమిషాలు మాట్లాడారు.

రెండున్నరకి కుర్చీలు సర్దేశాం. నాలుగింటికి లారీలు ఎప్పటిలాగే వచ్చాయి.

కొత్తపేట_ముఠా | 18 డిసెంబర్, రాత్రి 10:10

మీ ముఠా వాళ్లలో ఒకడు మా బావమరిది అమ్మా. మీకు చెప్పలేదు. సాయంత్రం వచ్చి దుప్పటి చూపించాడు. వాళ్లావిడ అప్పుడే పిల్లాడికి కప్పేసింది.

మెదక్_వాసి | 19 డిసెంబర్, ఉదయం 9:00

బాగుంది సత్య గారూ. నాకు 24న సెలవు ఓకే అయింది. మీ 31 మంది సంగతి ఏమైంది?

సత్య_బెజవాడ | 20 డిసెంబర్, రాత్రి 8:50

మీకు దొరికినందుకు చాలా సంతోషం. ఇక్కడ 31 మందికీ 24 మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సెలవు. దూరం ఊళ్లవాళ్లు ఎనిమిది మంది 26 కూడా అడిగారు, వాళ్లకీ ఇచ్చాం. ఎవరి పని ఎవరు చూస్తారో పేర్లు రాసి టైమ్ ఆఫీసు పక్కన బోర్డు మీద పెట్టాను. దాని కిందే భోగి, సంక్రాంతి, కనుమ రోజులకి ఇంకో పట్టీ ఉంది, అందులో ఈ 31 మందిలో 22 మంది ఇప్పటికే పేర్లు రాశారు. పెద్దాయన పేరు కనుమ రోజున ఉంది. నక్షత్రం జనవరి ఒకటి దాకా ఉంచమని వాచ్‌మన్ అడిగాడు, రోజూ ఆరింటికి స్విచ్ తనే వేస్తానన్నాడు. ఉంచాం.